వీరభద్రరావుగారి తిథి

ఆదివారం పొద్దున్న, అమెరికాలో ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో భీమశంకరంగారు రెండో కాఫీ తాగుతుంటే కూతురు సుమతి రెండు ప్రింటవుట్లు తెచ్చి ముందు పెట్టింది. ఎనభై ఒక్కేళ్ల మనిషికి కాఫీతో పెట్టాల్సినవి కావవి. కానీ మంచిపని చేస్తున్నానన్న నమ్మకం కలిగిందంటే సుమతిని ఆపడం ఎవరి తరమూ కాదు.

"తాతగారి రికార్డు నాన్నా. లండన్‌లో యుద్ధం రికార్డుల ఆఫీసుకి మెయిల్ చేస్తే పంపించారు."

వీరభద్రరావు కాకినాడలో రేడియోలు బాగుచేసేవాడు. యుద్ధం రోజుల్లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరి, బాంబరు విమానంలో వెనక తుపాకీ దగ్గర కూర్చున్నాడు. పంతొమ్మిది వందల నలభై నాలుగులో బర్మా మీదకి వెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి ఆయనకి ఇరవై రెండేళ్లు, కొడుకు భీమశంకరానికి మూడు నెలలు. కనిపించడం లేదని టెలిగ్రాం వచ్చింది. కనిపించకపోవడం వేరు, పోవడం వేరు అని భార్య కనకమ్మ బొట్టు తియ్యనివ్వలేదు. నలభై ఎనిమిదేళ్లు అలాగే బతికి పసుపు కుంకాలతోనే పోయింది. అందుకే ఆయనకి ఇంతవరకూ తద్దినం లేదు.

"పక్క విమానంవాళ్లు చూశారట. తాతగారి విమానం రెక్కకి నిప్పంటుకుని కొండ మీద కూలిపోయింది. ఎవరూ దూకలేదు. డేట్ చెబితే పంతులుగారు తిథి చూస్తానన్నారు."

"వద్దని చెప్పెయ్."

"కన్నతండ్రికి ఒక్క పిండం పెట్టలేదు నువ్వు. ప్రూఫ్ వచ్చాక కూడా ఇంత మొండితనమా?"

"ప్రూఫ్ నాకు అరవై నాలుగులోనే వచ్చింది," అన్నారాయన. "ఆ పక్క విమానం నడిపినాయన ఉత్తరం రాశాడు. అందులోనూ ఇదే ఉంది. అప్పుడు అమ్మ లోపల అద్దం ముందు కుంకం పెట్టుకుంటోంది. ఉత్తరం పొయ్యిలో పడేశాను."

సుమతి ప్రింటవుట్లు తన వైపుకి లాక్కుంది.

"ఇప్పుడు పెడితే పోయిన అమ్మ బొట్టు నేనే చెరిపినట్టు. పెట్టకపోతే నాన్నకి ఆకలి. అరవై ఏళ్లుగా ఇదేనే నాకు." ఆయన కళ్లు తుడుచుకోలేదు. తండ్రిని అంత మాట అన్నందుకు సుమతికి ఏడుపొచ్చింది.

కాసేపటికి కాగితాలు మడిచి సొరుగులో పెట్టేసింది. "పంతులుగారికి ఏ తిథి చెప్పమంటావ్?"

ఆయన చల్లారిన కాఫీ పక్కకి జరిపారు.

"అమ్మది మార్గశిర శుద్ధ దశమి కదా. నాన్న ఆ మర్నాడు పోయారని చెప్పు."

సుమతి ఫోన్ చేసింది. "ఏకాదశండీ. నాయనమ్మ పోయిన మర్నాడే." అవతల పంతులుగారు ఇంకేదో అడిగారు. ఆమె తండ్రి వైపు చూసింది.

"డెబ్భై ఏళ్లండీ. పెద్దవయసులోనే పోయారు."