వాల్వ్ తెరిచిన సంతకం

డెల్ఫీన్ రూర్క్ పేరెత్తితే చాలు, ఆర్వల్ టీగ్ తింటున్న పళ్ళెం పక్కకి నెట్టేస్తాడు. అమెరికాలోని ఓక్లహోమాలో మారువేషాల్లో తిరిగి గ్యాస్ దొంగల్ని చాలామందిని పట్టుకున్నాడు, ఎవరి మీదా కసి పెట్టుకోలేదు. వాళ్ళు దొంగలు, దొంగతనం చేశారు, అంతే. ఈమె అలా కాదు. మనసులో మాట అడిగి తెలుసుకుని, ఆ మాటతోనే గొంతు కోసింది.

ఆ ఫిబ్రవరిలో మంచు తుఫాను మొదలయ్యాక ఫోన్ మోగింది.

"పైలట్ వెలుగుతోందా?"

"గాలికి ఆరలేదు మేడమ్," అన్నాడు ఆర్వల్. పైలట్ అంటే గ్యాస్ పొయ్యిలో ఎప్పుడూ వెలిగే చిన్న మంట. అదే వాళ్ళ గుర్తు మాట.

అవతల అతని పై అధికారి ఇమోజీన్ సేయర్. రాష్ట్రంలో గ్యాస్ మార్కెట్ మీద కన్నేసి ఉంచే స్వతంత్ర నిఘా కార్యాలయానికి పెద్ద.

"విను. విదేశీ ముఠా ఒకటి బినామీ పేరుతో బ్రష్ క్రీక్ నిల్వ కేంద్రం కొనేసింది. భూమి కింద కావలసినంత గ్యాస్ ఉంది. వాల్వ్‌లు గడ్డకట్టాయని అబద్ధం చెప్పి బిగించేశారు. రేపు తొమ్మిది దాటితే ధర వంద రెట్లు. అప్పుడు తెరుస్తారు. ఈలోపు నాలుగు ఊళ్ళు చలికి చస్తాయి."

గ్యాస్ వాళ్ళకి రోజు మారేది అర్ధరాత్రి కాదు, ఉదయం తొమ్మిదికి. ఆ లోపు తెరిస్తేనే పాత ధర.

"రుజువు దొరికితే?"

"అక్కడే ఆదేశం మీద సంతకం పెట్టు. పైపులైను వాళ్ళు దూరం నుంచే వాల్వ్ తిప్పుతారు. ఒక్కటే షరతు, తెలుసుగా. సంతకం పెట్టేవాడికి గ్యాస్‌లో సెంటు లాభం ఉండకూడదు."

"నాకు లాభమా మేడమ్? జీతమే సరిగ్గా రావట్లేదు."

పైపులు గడ్డకట్టకుండా పోసే మెథనాల్ లారీ నడిపేవాడి వేషంలో మర్నాడు పొద్దున్నే గేటు దాటాడు. డెల్ఫీన్ ఎదురొచ్చింది. తెల్లటి మంచులో ఎర్ర కోటు. ముఠాకి ధరలు చూసేది ఆమే, రెండు నెలలుగా ఇటు రహస్యాలు చేరవేస్తున్నదీ ఆమే. భార్య లోరెట్టా పోయిన మూడేళ్ళకి ఆర్వల్‌ని 'తిన్నావా' అని అడిగిన మనిషి కూడా ఆమే.

"మూడో పైపు," అంది మెల్లగా.

ఆర్వల్ కాఫీ ఫ్లాస్కు అడుగుభాగం పైపుకి ఆనించాడు. అది కాఫీ ఫ్లాస్కు కాదు, లోపలి చప్పుడు పట్టే యంత్రం. మంచు ముక్క అలికిడి లేదు. బిగించిన వాల్వ్ వెనక గ్యాస్ బుసకొడుతోంది. రుజువు దొరికింది.

ఆదేశం తీసి సంతకం పెట్టబోతుంటే డెల్ఫీన్ నవ్వింది.

"పెట్టు బంగారం. చెల్లదు."

"ఏంటి?"

"పోయిన నెల ఈ నిల్వ హద్దు జరిపారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒప్పుకుంటే మధ్యలో వాడి పొలం కూడా కలిసిపోతుంది, వాడి సంతకం అక్కర్లేదు. ఇప్పుడు నీ పొలం కింద కూడా మా గ్యాసే. నువ్వూ వాటాదారుడివే."

"నాకు చెప్పలేదే!"

"ఉత్తరం వేశారు. మారువేషంలో తిరిగేవాడికి ఉత్తరాలు ఎలా అందుతాయి?"

పొలం ఎక్కడుందో ఆమెకి చెప్పింది అతనే. పీకన్ పప్పుల తీపి రొట్టె తింటూ, కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు.

ఆర్వల్ ఫోన్ చేస్తే ఇమోజీన్ కాగితాలు తిరగేసింది. "నిజమే ఆర్వల్. ఇంకొకరిని పంపుదామంటే రోడ్లు మూసుకుపోయాయి."

"పొలం వదిలేస్తే?"

"భూమి కింద నిల్వ చోటు పైన పొలం ఉన్నవాడిదే. మొత్తం వదలాలి. చుట్టాలకి ఇవ్వకూడదు, పేరుకి తప్ప డబ్బు తీసుకోకూడదు." గొంతు తగ్గింది. "నిన్ను అడగలేను నాయనా."

ఆర్వల్ రోడ్డవతల మేవిస్ హోటల్‌కి పరిగెత్తాడు. మేవిస్ కాఫీ పోస్తుంది, నోటరీ కాబట్టి పత్రాల మీద ముద్ర కూడా వేస్తుంది. బల్ల దగ్గర బఫర్డ్ హాంక్స్, కంచె గట్టు కోసం పదేళ్ళుగా ఆర్వల్‌తో కొట్లాడుతున్న పక్క పొలం వాడు.

"బఫర్డ్, నా పొలం కావాలా?"

"తాగొచ్చావేంట్రా పొద్దున్నే?"

"పది డాలర్లు. ఇప్పుడే. మేవిస్, కాగితం తియ్యి."

మేవిస్ పెన్ను పట్టుకుని ఆగిపోయింది. "తమ్ముడూ, లోరెట్టా అక్కడే ఉంది కదా. ఆ ఎల్మ్ చెట్ల కింద."

"తెలుసు. రాయి."

బఫర్డ్ టోపీ తీశాడు. జేబులోంచి నలిగిన నోటు తీసి, ఆర్వల్ మొహం చూడకుండా బల్ల మీద పెట్టాడు. "గేటుకి తాళం వెయ్యన్రా," అన్నాడు. "ఎప్పుడైనా రా."

ముద్ర పడింది. ఆదేశం మీద సంతకం పడింది. ఫోన్లో ఆర్వల్ చదువుతుంటే గోడ గడియారంలో తొమ్మిది కావస్తోంది, పెద్ద ముల్లు పన్నెండు మీదికి ఎక్కుతోంది.

"అందింది," అన్నాడు పైపులైను కుర్రాడు. "తిప్పుతున్నా."

ముందు నేల సన్నగా అదిరింది. తరవాత మేవిస్ పొయ్యి మీద చచ్చిపోతున్న నీలిమంట లేచి నిలబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేవిస్ ముక్కు చీదుకుని గుడ్లు కొట్టి పెనం మీద పోసింది.

మధ్యాహ్నానికి ముఠా మొత్తం దొరికింది. డెల్ఫీన్‌ని మాత్రం వదిలేశారు. నిఘా కార్యాలయానికి సమాచారం ఇచ్చిన మనిషి కదా, చట్టం ఆమెని కాపాడింది. కోర్టు మెట్ల మీద అదే ఎర్ర కోటులో ఆర్వల్‌కి ఎదురుపడి, "నిన్ను కొనలేమని వాళ్ళకి ముందే చెప్పాను," అంది. మెచ్చుకున్నట్టే అంది.

రాష్ట్రం అతనికి ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చింది. నిఘా అంటే ఇలా స్వతంత్రంగా ఉండాలని పెద్దలు ఉపన్యాసాలిచ్చారు. నిజమే, ఆర్వల్ టీగ్ అంత స్వతంత్రుడు ఆ రాష్ట్రంలో ఇంకొకడు లేడు. పోయింది నూట అరవై ఎకరాలు, లోరెట్టా పడుకున్న ఆరడుగులతో కలిపి.