గాలికి ఎదురు తిరిగిన క్రేను

ములకలపల్లి దాటినంక అడవి అంచున ఒక పంపుహౌజు కడుతుండ్రు. షాలేమ్‌రాజు గా సైటుకు మధ్యాహ్నం మూడింటికి చేరిండు. టవర్ క్రేన్లకు పునాదులు, అవి ఒరగకుండ పెట్టే ఇనుప సపోర్టులు డిజైన్ చేసుడే ఆయన పని. ఖమ్మంల ఇరవై ఏండ్ల సంది చిన్న ఆఫీసు. ఆదివారం చర్చిల ముందు వరుసల కూసునే మనిషి. ఎవ్వరి జోలికి పోడు.

వాన అప్పుడే ఎలిసింది. మబ్బు చెట్ల మీదికి దిగి, పట్టపగలే మునిమాపు లెక్క ఉన్నది.

గేటు కాడ ద్వాలి నిలబడ్డది. పది రోజుల కింద పని బందు చేసి దిగుతుంటే గీ క్రేను ఒరిగి, పైనుంచి పడి సచ్చిపోయిన ఆపరేటర్ ధన్‌సింగ్ పెండ్లాం.

"సారూ, మా ఆయన బ్రేకు బిగించిండని రాస్తున్నరంట గదా? దిగేముందు రెండుసార్లు చూసుకునేటోడు సారూ. 'మీ నాయిన తన తప్పుకే సచ్చిండు' అని నా పిల్లలు బతికినన్ని దినాలు ఇనాల్నా?"

"చూద్దాం తియ్యమ్మా" అన్నడు, ఆమె మొకం దిక్కు చూడకుంట.

క్రేనుకు పైన పొడుగు చెయ్యి ఉంటది, జిబ్బు అంటరు. పని బందైతే దాని బ్రేకు ఇడిచిపెట్టాలె. గాలి ఎటు కొడితే అటు తిరగాలె. బిగించి పెడితే గాలి జోరంత క్రేను మీదనే పడ్తది. ధన్‌సింగ్ బ్రేకు ఇడువలే, అందుకే ఒరిగింది... షాలేమ్‌రాజు రిపోర్టుల రాసింది గదే. సంతకం ఒక్కటే మిగిలింది.

నిజం వేరే. పునాది తవ్వేనాడు వాచ్‌మన్ బొజ్జయ్య చెప్పనే చెప్పిండు. "సారూ, గీడ మా తాతల నాటి బాయి ఉండె. పూడ్చినం." మట్టి పరీక్ష మళ్ల చేయిస్తే వారం రోజులు పని ఆగుతది. "రాళ్లు పోసి పూడ్చిండ్రు గదా, ఏం గాదు తాతా" అని నవ్వి, అవతలి క్రేనుకు చేసిన పరీక్ష అంకెలే దీనికీ ఎక్కిచ్చిండు. గా బాయి కాడనే పునాది కుంగింది.

ఇప్పుడు క్రేను కింద సపోర్టులు పెట్టి ఆపిండ్రు. కరెంటు తీసేసిండ్రు. పైన క్యాబిన్‌కు తాళం.

వంగి బోల్టులు చూస్తుంటే నెత్తి మీద గర్ర్... మని సప్పుడు.

జిబ్బు తిరుగుతున్నది.

గాలికేమో అనుకున్నడు. గాలి చెట్లను పడమటికి వంచుతున్నది. జిబ్బు తూర్పుకు వస్తున్నది. ఒరిగిన దిక్కుకు జారుతున్నదేమో అనుకున్నడు. అదీ కాదు. అది ఎత్తు దిక్కుకు ఎక్కి వస్తున్నది.

పది అడుగులు పక్కకు ఉరికిండు. గర్ర్... ఆగింది. మళ్ల ఆయన నెత్తి మీదనే.

ఎడమకు జరిగిండు. అదీ జరిగింది.

గ్రీసు వాసన. దాంట్ల కలిసి పాత బాయి పాచి వాసన...

"బొజ్జయ్యా... పైకి ఎవరన్న ఎక్కిండ్రా?"

"ఎవరెక్కుతరు సారూ? నువ్వు రానన్ని దినాలు గది గాలికే తిరిగింది." ముసలాయన గొంతు తగ్గించిండు. "బ్రేకు బిగిసి ఉన్నదంటివి గదా. మరి గిదెట్ల తిరుగవట్టె?"

ఇనుప కొక్కెం కిందికి దిగుతున్నది. కరెంటు లేదు. మెల్లగ... మెల్లగ... ఆయన మొకం ముంగట ఆగింది. ఊగుత లేదు. గాలి గింత కొడుతున్నా ఊగుత లేదు.

షాలేమ్‌రాజు బురదల కూలబడ్డడు. రిపోర్టు కాయితం మీద ధన్‌సింగ్ తప్పని రాసిన కాడల్లా అడ్డంగ గీత కొట్టిండు. "కింద బాయి ఉన్నదని నాకు తెల్సు. ధన్‌సింగ్ తప్పు లేదు" అని రాసి సంతకం పెట్టిండు.

కొక్కెం పైకి పోయింది. జిబ్బు గాలి దిక్కుకు తిరిగింది.

ద్వాలికి చదివి వినిపించి, కాయితం చేతిల పెట్టిండు. ఆమె ఏడుసుకుంట దండం పెట్టింది. తిట్టినా బాగుండు. గా దండం చెంపదెబ్బ కంటె ఎక్కువ తాకింది.

కొత్తగూడెం దాటి కారు పోతుంటే ఫోన్ మోగింది. వైరా సైటు ఇంజనీరు శాంతికుమార్. గొంతు గుసగుస.

"సార్... మా క్రేను గాలికి ఎదురు తిరిగి నిలబడ్డది."

షాలేమ్‌రాజు కారు పక్కకు ఆపిండు. వైరా క్రేనుకు గూడ మట్టి పరీక్ష చేయించలే. గా సంగతి ఏ కాయితంల రాయలే.

"జల్దీ అందర్ని దూరం పంపు, శాంతీ. ఆపరేటర్‌ను దింపు... ముందు ఆపరేటర్‌ను దింపు!"

"ఆపరేటరు ఈడ నా పక్కన్నే ఉన్నడు సార్. క్యాబిన్‌ల ఎవరూ లేరు. కని వాకీటాకీల..."

"వాకీటాకీల ఏంది?"

"పైనుంచి ఎవరో అడుగుతుండ్రు సార్... 'సారు బయలెల్లిండా?' అని."