వల్లకాటి మలుపులో చిల్లర

మా ఊరి వల్లకాటి మలుపు మంచిది కాదంటారండి. చీకటి పడితే ఆ గట్టు మీద నేలబారుగా ఓ దీపం తిరుగుద్ది... టక్, టక్ మని చప్పుడు. శవాల మీద జల్లిన చిల్లర పోయినోళ్ళే ఏరుకుంటారంట. పైన కూడా బస్సు చార్జీలు పెంచేశారేమో!

మా తమ్ముడు సత్తిరాజు పోయి పదహారు రోజులు. వాడి పెళ్ళాం సుబ్బాయమ్మ చెప్పిందే చెబుతున్నా.

టీకి ఫోను, పాలకి ఫోను... రూపాయి బిళ్ళ కనబడి ఎన్నాళ్ళయింది? పాడె ముందు ఫోను జల్లలేం కదండీ! చిల్లరంటే కొట్టు శ్యాంబాబే. వందకి నూట ఇరవై తీసుకుంటాడు, ధర్మాత్ముడు. బిళ్ళలకి పసుపు మరకలుంటే, లక్ష్మీపూజ చేశాడు కాబోలనుకుంది సుబ్బాయమ్మ.

అదీ చాలక, వాళ్ళల్లుడు ఇంట్లోని చిల్లర గిన్నె కూడా దులిపి జల్లేశాడు. అందులో సత్తిరాజు చిల్లుకాణీ ఉంది. చిన్నప్పుడు మా అమ్మ వాడి మొలతాడుకి కట్టింది. ఆఖరి స్నానమప్పుడు తీసి, సుబ్బాయమ్మ గిన్నెలో దాచుకుంది.

పగలు వెతుకుదామంటే పదో రోజు దాకా గడప దాటనివ్వరు. అందుకే దహనమైన రాత్రే, చుట్టాలు పడుకున్నాక... ఒక్కత్తీ బయల్దేరింది.

మలుపు. దీపం. నేలకి జానెడెత్తున... టక్.

సుబ్బాయమ్మ పిలిచింది.

"ఏవండీ... మీరేనా?"

దీపం ఆగింది.

"నేను పిన్నిగారూ... అరవకండి."

శ్యాంబాబు! చేతిలో కర్ర, కర్ర చివర టార్చిలైటు, సూదంటురాయి, దానికి గుత్తిగా రూపాయి బిళ్ళలు — పసుపుతో సహా.

"బేంకోళ్ళు చిల్లర ఇవ్వట్లేదు పిన్నిగారూ. ఊళ్ళో తిరగాలి కదండీ... నేనే తిప్పుతున్నా."

"ఆహా, ఏం సేవ! మా ఆయన చిల్లుకాణీ ఇటియ్యి."

"అది రాగిదండీ, దీనికి అంటుకోదు. అయినా చెల్లని కాణీ... ఎందుకూ?"

సుబ్బాయమ్మ అతను ఊడ్చేసిన మట్టిలో కూర్చుని తడిమింది... తడిమింది... దొరికింది. చెల్లేవన్నీ పోయాయి, అదొక్కటే ఉంది. కొంగున ముడేసుకుంది.

పోతూ పోతూ వెనక్కి తిరిగి —

"శ్యాంబాబూ, ఆయన మీద పడ్డ బిళ్ళలు వేరే డబ్బాలో ఉంచు. నా మీదా అవే జల్లాలి. నీ నూట ఇరవై ఇప్పుడే ఫోన్లో కొట్టేస్తాలే."

అంతే. ఆ దెబ్బకి శ్యాంబాబుకి జ్వరం. మళ్ళీ ఆ మలుపుకేసి పోలేదు.

మరి నిన్న రాత్రి నేను విన్నదేంటండీ... టక్... టక్...

కాణీ కోసం వెతుక్కుంటున్నాడేమో, పిచ్చి సన్నాసి. అది నీ పెళ్ళాం కొంగులో ఉందిరా తమ్ముడూ... వెళ్ళి పడుకో.