ఆగిపోయే పెట్టె

"పొద్దున్నించీ ఇన్నిసార్లు డ్యూటీయా? ఆ డిపోలో మీరు తప్ప ఇంకో డ్రైవరే లేడా?" అని అత్తయ్య గోడ మీది తెరతో దెబ్బలాడుతోంది.

తెరలో మావయ్య ఖాకీ చొక్కా వేసుకుని, చేతిలో టిఫిన్ డబ్బాతో గుమ్మం దిగారు. గేటు దాకా నడిచి, ఒక్కసారి వెనక్కి తిరిగి నవ్వి, వెళ్ళిపోయారు. మళ్ళీ గుమ్మం దిగారు. మళ్ళీ వెళ్ళిపోయారు.

ఆయన నిజంగా వెళ్ళిపోయి రెండేళ్ళు దాటింది. ఆ తర్వాతే అత్తయ్యకు మనుషులూ రోజులూ కలగాపులగం కావడం మొదలైంది.

వంటింట్లో కూర తరుగుతున్న కోడలికి ఈ దెబ్బలాట రోజూ ఉండేదే. ఆమె భర్త దుకాణాల్లో, ఆఫీసుల్లో ప్రకటనల తెరలు బిగిస్తాడు. ఇప్పుడొక పెద్ద ఆసుపత్రి వాళ్ళు రోగులు కూర్చునే హాళ్ళన్నిటిలో తెరలు పెట్టమన్నారు. తెరదేముంది, ఏదైనా ఒకటే. దాని వెనక దాక్కుని బొమ్మల్ని నడిపించే ప్లేయర్ అనే చిన్న పెట్టెతోనే తంటా అంతా. ఏది వేడెక్కుతుంది, ఏది నెట్ పోయినా నడుస్తుంది, ఏది కరెంటు పోయి వచ్చాక తనంతట తను లేస్తుంది అని రకరకాల పెట్టెలు తెచ్చి హాల్లో తెరకు తగిలించి చూస్తున్నాడు. పరీక్షకు కదిలే వీడియో ఏదో ఒకటి కావాలి కదా, కొత్త ఫోను కొన్న రోజున సరదాకి తీసింది ఎక్కించాడు. అందులో అతని నాన్న డ్యూటీకి వెళ్తుంటాడు, అది తిరిగి తిరిగి ఆడుతూనే ఉంటుంది.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి వేలెడంత పుల్లలాంటిది, చవక. రెండోది ఇనప పెట్టె. ఆ వారం పుల్ల వంతు.

"అమ్మాయ్! ఇలా రా, చప్పుడు చెయ్యకుండా రా!"

అత్తయ్య గొంతులో అంత హుషారు విని ఎన్నాళ్ళయిందో. కోడలు చెయ్యి తుడుచుకుంటూ పరిగెత్తింది. తెర మీద మావయ్య గేటు దగ్గర వెనక్కి తిరిగి నవ్వుతూ, అలాగే ఉండిపోయారు. పుల్ల వేడెక్కి బిగుసుకుపోయింది. ఇంతకు ముందు ఆగినప్పుడల్లా ఆయన వెళ్ళిపోయాక ఖాళీ గేటు మీదే ఆగేది.

"చూశావా, ఇవాళ ఆయన ఆగారు!" అంది అత్తయ్య గుసగుసగా. "నేను తిట్టాననేమో. కంచం పెట్టు, పెట్టు. మళ్ళీ మనసు మారుతుంది."

కోడలు రెండు కంచాలు పెట్టింది. ఏ పూటకాపూట బతిమాలితే గానీ నోరు తెరవని మనిషి, "ఆయన తినకుండా వెళ్తే నాకెలా దిగుతుందే" అని కంచం తోసేసే మనిషి, ఆ పూట కడుపు నిండా తింది. తింటూ కబుర్లు చెప్పింది. పెళ్ళయిన కొత్తలో మావయ్య తనను బస్సెక్కించుకుని, టిక్కెట్టు కొనలేదని అందరి ముందూ ఎలా ఆటపట్టించారో చెప్పి పకపకా నవ్వింది. కోడలు నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది.

సరిగ్గా అప్పుడే ఆమె భర్త బయటినుంచి వచ్చాడు. భుజాన సంచీ కూడా దించలేదు.

"మళ్ళీ ఆగి చచ్చిందా? ఛ, దరిద్రపు పుల్ల! ఇవాళ ఆసుపత్రి వాళ్ళకి మాటివ్వాలి నేను."

"ఏవండీ, ఒక్క నిమిషం..."

వినేలోపే పుల్ల పీకేసి ఇనప పెట్టె తగిలించాడు. తెర నల్లబడింది, వెలిగింది. మావయ్య గుమ్మం దిగారు. వెళ్ళిపోయారు.

అత్తయ్య చేతిలో ముద్ద కంచంలో పడింది. "అయ్యో, చెయ్యి కడుక్కోకుండానే... నేనేమన్నానని అంత విసురుగా వెళ్ళారు?" తెర దాకా వెళ్ళి గేటును చేత్తో తడిమింది. కొడుకు వైపు తిరిగింది. "నువ్వేరా! నువ్వే పంపించేశావు!"

అతను తెల్లబోయాడు. కోడలు అతన్ని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఇన్నాళ్ళకి నవ్విందండీ. కడుపు నిండా తింది. ఎందుకలా పీకేశారు?"

"నాకేం తెలుసు? వాళ్ళకి ఆగకుండా నడిచేది కావాలి. ఆగిపోయేదాన్ని చెత్తబుట్టలో పడెయ్యక నెత్తిన పెట్టుకోమంటావా?"

"మీ అమ్మకి ఆగిపోయేదే కావాలి."

"పిచ్చిమాటలు మాట్లాడకు!"

"నావి పిచ్చిమాటలే. రోజంతా మీ నాన్నని చూస్తూనే ఉన్నారు కదా, ఒక్కసారైనా చూశారా? బొమ్మ ఎక్కడ అదిరింది, ఎక్కడ చెదిరింది, అంతేగా మీరు చూసింది! ఆయన చేతిలో ఏముందో చెప్పండి చూద్దాం."

అతను హాలు వైపు తల తిప్పాడు. గొంతు తగ్గించి, "దీనికింత గొడవెందుకు? బొమ్మని అక్కడే ఆపేస్తే సరి," అన్నాడు.

హాల్లోకి వెళ్ళి, గోడ మీది బొమ్మని నడిపే లాప్‌టాప్ తెరిచాడు. మావయ్య గేటు దగ్గర తిరిగే దాకా చూసి నొక్కాడు. బొమ్మ నిలిచిపోయింది. "ఇదుగోమ్మా, నాన్న ఆగారు. రా, తిను."

అత్తయ్య లాప్‌టాప్ మీదున్న కొడుకు వేలిని చూసింది, తెరను చూసింది.

"నువ్వు ఆపావురా," అంది మెల్లగా. "ఆయన ఆగలేదు."

అతను లాప్‌టాప్ మూసేశాడు. తర్వాత ఇనప పెట్టె ఊడదీసి, మళ్ళీ ఆ పుల్లే తగిలించి, సంచీ పక్కన పడేసి తెర ముందు నేల మీద కూర్చున్నాడు. మావయ్య గుమ్మం దిగారు. పుల్ల ఆగలేదు. మళ్ళీ దిగారు. ఆగలేదు. వారం పొడుగునా పదేపదే ఆగి అతని ప్రాణం తీసిన పుల్ల, ఆగమని కోరుకున్న పూట నిక్షేపంలా నడిచింది.

"ఆయన చేతిలో డబ్బా," అన్నాడు అతను ఎవరితోనో అన్నట్టు. "మూత సరిగ్గా పట్టదు దానికి. రబ్బరు బ్యాండు వేసుకునేవాడు. కొత్తది కొంటానన్నాను. అదుగో, బ్యాండు కనిపిస్తోంది..." మావయ్య వెనక్కి తిరిగారు. "నన్ను చూసే నవ్వాడు. ఫోను పట్టుకున్నది నేనే కదా. ఆగు నాన్నా, ఒక్కసారి ఆగు..."

మావయ్య వెళ్ళిపోయారు. అతను మోకాళ్ళలో తల దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాన్న పోయిన రోజున కూడా అతను అలా ఏడవలేదు. కోడలు అతని దగ్గరికి వెళ్ళబోయింది.

ఆమె కన్నా ముందే వెళ్ళింది అత్తయ్య. గోడ పట్టుకుని వంగి, కొంగుతో కొడుకు మొహం తుడిచింది. "ఊరుకో నాన్నా. డ్యూటీ మనిషి, ఆయన ఆగలేరు."

ఇంతలో సంచీలో అతని ఫోను మోగింది. ఆసుపత్రి వాళ్ళే. అతను ముక్కు చీదుకుని, "ఇనప పెట్టే పెడదామండీ. అది ఆగదు," అని చెప్పాడు. అలవాటుగా సంచీ భుజాన తగిలించుకుని లేవబోయాడు.

అత్తయ్య సంచీ పట్టీ పట్టుకుంది. తెరలో గేటు వేసి ఉంది, మావయ్య లేరు.

"నువ్వైనా ఆగరా ఇవాళ."

అతను సంచీ దించాడు. మావయ్య కోసం పెట్టిన కంచం ముందు కూర్చున్నాడు.