గాలి బుడగ

"మాస్టారు రేపు ఐదింటిదాకా బతికుండాలి. మీ పని అంతే," అన్నాడు చీఫ్.

గుమాస్తా తన చిన్న నోటుబుక్కులో 'ఐదు' అని రాసుకున్నాడు. ఎవరేం చెప్పినా రాసుకునే అలవాటు వల్లే డిపార్ట్‌మెంటులో అతనికి ఆ పేరు పడింది. పక్క కుర్చీలో సంపంగి కాలు మీద కాలేసుకుని కూర్చుంది. అది ఆమె కోడ్ నేమ్. విదేశీ ముఠాలో మన మనిషిగా రెండేళ్లు తిరిగొచ్చిన ఏజెంట్. ఆమె నవ్వితే కాపలావాళ్లు కార్డు అడగడం కూడా మర్చిపోతారు.

చీఫ్ బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో అయిపోయింది. మాస్టారంటే రహస్య లిపులు చదివే ముసలాయన. డిపార్ట్‌మెంటు కబుర్లు ముఠాకి మోస్తున్నదెవరో వాళ్ల ఆఖరి సందేశంలో ఉందట. రేపు ఐదింటికల్లా ఆ పేరు విప్పేస్తానన్నాడు. మోకాలి ఆపరేషనై ఆస్పత్రిలో పడుకుని కూడా పెన్సిల్ వదలడం లేదు. రక్తం గడ్డకట్టకుండా రోజూ నాలుగింటికి ఆయన పొట్ట మీద ఇంజెక్షన్ చేస్తారు. మందు ముందే నింపి వచ్చే ప్రీఫిల్డ్ సిరంజి. రేపు ఆ సిరంజిలో మందుకి బదులు విషం ఉంటుందని కబురు.

గుమాస్తా నర్సు వేషం, సంపంగి డాక్టరు వేషం. సిరంజి ముట్టుకునేది గుమాస్తా ఒక్కడే. అయినా ఇద్దరూ ముందు హెడ్ నర్సు దగ్గర గంటసేపు క్లాసు వినాలి. మనుషుల్ని పొడవడం తనకెవరూ నేర్పక్కర్లేదని సంపంగి ఎగ్గొట్టింది. చీవాట్లన్నీ గుమాస్తా ఒక్కడే తిన్నాడు. ప్యాకెట్ సీలు చూడు, తేదీ చూడు, మందు తేటగా ఉందో లేదో చూడు. పీకిన మూత మళ్లీ పెట్టకు. అతను సిరంజిని నిలబెట్టి, గోటితో టకటకలాడించి గాలి వదలబోతే ఆవిడ చేతి మీద ఒక్కటి వేసింది.

"ఆ బుడగ తియ్యకు. ఈ మందులో దాన్ని కావాలనే ఉంచారు. తీస్తే మందు కూడా కారిపోతుంది. సినిమాలు చూసి నేర్చుకున్నావా?"

తర్వాత ప్లంజర్‌ని చివరిదాకా నొక్కి చూపించింది. టక్కుమని ప్లాస్టిక్ తొడుగు జారి సూదిని కప్పేసింది. ఇక ఆ సూది ఎవరికీ గుచ్చుకోదంది. గుమాస్తా అదీ రాసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ పాఠమే మాస్టారి భార్యకు అప్పజెప్పాడు. ఇంటికెళ్లాక ఇంజెక్షన్ చెయ్యాల్సింది ఆవిడే. పాపం, ప్రతి మాటా రెండేసిసార్లు అనుకుంది.

"నలభై ఏళ్లుగా ఈయన లెక్కలు నాకొక్కటీ అర్థం కాలేదు బాబూ. ఇదొక్కటైనా తప్పులేకుండా చేస్తాను," అంది.

గుమాస్తా తలూపాడు. ఇంకో గంటలో ఏం జరగబోతోందో ఆవిడకి తెలియదు. 'అలాగే పిన్నిగారూ' అని, మంచం వెనక చిన్న మైకు అతికించి వరండాలోకొచ్చాడు. సీలున్న ప్యాకెట్ అతని జేబులోనే ఉంది. వరండా అంతా ఫినాయిల్ వాసన. ఎవరూ పిలవకుండానే లిఫ్టు పైకొచ్చి, తలుపులు తెరిచి, ఖాళీగా కిందికి పోయింది. అతనికి అది నచ్చలేదు.

నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలుంది. చెవిలో సంపంగి గొంతు హంతకుడొచ్చాడన్న కోడ్ పలికింది: "వాన మొదలైంది. లిఫ్టు దగ్గర, ట్రాలీ."

పరుగెత్తాడు. ట్రాలీ తోస్తున్నవాణ్ణి గోడకి అదిమి, సంచి బోర్లించాడు. మాసిన దుప్పట్లు. ఇంకేమీ లేవు. వాడు చాకిరేవు మనిషి.

అప్పుడు చెవిలో మైకు నుంచి పిన్నిగారి గొంతు వినిపించింది. మెల్లగా, మొహమాటంగా.

"డాక్టరమ్మా, ఆ బుడగ తియ్యకూడదట కదా?"

గుమాస్తా వాణ్ణి వదిలేశాడు. గదిలో సిరంజి ఉండకూడదు. ఉన్న ఒక్కటీ తన జేబులో ఉంది. మరి బుడగ తీస్తున్నదెవరు? క్లాసు ఎగ్గొట్టిన మనిషి!

వరండా ఎలా దాటాడో తెలియదు. చీఫ్ ఇచ్చిన మత్తు పెన్ను తీస్తే దాని మూత ఊడలేదు. పెన్ను పారేసి తలుపు తన్నాడు. సంపంగి మాస్టారి పొట్ట మీద చర్మం మడిచి పట్టుకునుంది. సూది వేలెడు దూరంలో ఉంది. మాస్టారు కాగితంలోంచి తలెత్తలేదు. గుమాస్తా ఆమె మీద పడి, చెయ్యి దిండులోకి తోసి, ఆమె బొటనవేలి మీద తన బొటనవేలు పెట్టి ప్లంజర్‌ని చివరిదాకా నొక్కాడు.

టక్.

ఆమె చెయ్యి విదిలించుకుని అతని మెడలో పొడిచింది. వట్టి ప్లాస్టిక్ తగిలింది. ఆమె సిరంజి వైపు చూసింది. అంత తెలివైన మనిషి ముఖంలో అంత వెర్రిచూపు అతనెప్పుడూ చూడలేదు. బేడీలు వేస్తుంటే, ఎలా తెలిసిందని మాత్రం అడిగింది.

"నిన్న క్లాసులో చెప్పారు," అన్నాడు గుమాస్తా.

పిన్నిగారు భర్త చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని కాగితం ముందుకు తోశాడు.

"ఐదు దాకా అక్కర్లేదోయ్, తేలిపోయింది. ఎవరో సంపంగి అట. మీకు తెలుసా?"

సాయంత్రం గుమాస్తా రిపోర్టు నింపాడు. 'మిషన్‌లో పనికొచ్చిన పరికరాలు' అన్నచోట చీఫ్ పెన్ను పేరు కొట్టేసి, 'గాలి బుడగ, ఒకటి' అని రాశాడు.