చలికి వచ్చే పువ్వు

"కళ్ళజోడు మార్పించుకోండి మాస్టారూ. ఇక్కడ పువ్వూ లేదు, గివ్వూ లేదు."

దారాల కొట్టు అమ్మాయి బొంతను కిటికీ వెలుతురుకేసి ఎత్తి పట్టుకుంది. పుస్తకమంత చిన్న బొంత అది, గోడకు తగిలించుకునేది. అమ్మ కుట్టింది. బూడిదరంగు బట్ట మీద మూడు పువ్వులు, కాడ కుట్టుతో ఆకులు, పువ్వుల మధ్య ముడి కుట్లు. అమ్మ ఆకు వేస్తే కొన ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతుంది. కుడి మూల ఖాళీ. చెయ్యి అక్కడిదాకా రాకముందే అమ్మ పోయింది.

నేను కొట్లోకి వచ్చినప్పుడు ఆ మూల ఖాళీగా లేదు. సన్నటి గోధుమరంగు గీతలతో ఒక పువ్వు ఉంది.

"ఇందాకటిదాకా ఉంది," అన్నాను.

"ఇందాక అంటే?"

"మీ చేతికిచ్చేదాకా."

"అయితే నేనే మింగేశానంటారు!"

మూలన కుర్చీలో దారం చుడుతున్న వాళ్ళ నాన్నమ్మ కిసుక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. లోపలికి రాగానే నేను అన్న మాట ఒక్కటే: "మా అమ్మ పోయాక కూడా గీస్తోందండీ." అది విని ఈ అమ్మాయి రెప్ప వేయకుండా నన్ను చూసింది. తర్వాత బొంత అందుకుని, "ముందు ముడతలు తీస్తానుండండి," అంటూ ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి పువ్వు లేదు.

అమ్మ గది ఇంటి వెనకవైపు. ఆమె పోయాక అక్కడ హీటర్ వేయడం మానేశాను. దిండులో గుచ్చిన సూది అలాగే ఉంది, దారంతో సహా. మొదటిసారి గట్టి చలి పడిన పొద్దున తలుపు తీస్తే, గోడ మీది బొంతలో ఆ పువ్వు కనిపించింది. అంతకుముందు లేదు. భయం వేయలేదంటే అబద్ధం. కానీ ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళడానికి నాకొక కారణం దొరికింది.

మళ్ళీ చలి ముదిరింది. కిటికీ అద్దాల లోపలివైపు మంచు పేరుకుంది. అదే మూలన అదే పువ్వు తిరిగి వచ్చింది, ఎవరో రాత్రంతా కూర్చుని గీసినట్టు.

ఈసారి స్కూలుకు పోకముందే కొట్టుకు పరిగెత్తాను.

"మళ్ళీ వచ్చారా?" అంది దారాలమ్మాయి. గొంతులో వెటకారం ఉంది గానీ కళ్ళు నన్ను తప్పించుకున్నాయి. బొంత అందుకుని గబగబా ఇస్త్రీ బల్లకేసి నడిచింది.

నాన్నమ్మ అరిచింది. "ఏమేవ్, మతి పోయిందా? ముడి కుట్ల మీద ఇస్త్రీ ఏమిటే! అణిగి చావవూ!"

అప్పటికే ఆవిరి లేచింది. పువ్వు మాయమైంది.

"ఇంక తీసుకురాకండి మాస్టారూ," అంది బొంత చేతిలో పెడుతూ. "కొన్ని చూసిన కళ్ళల్లోనే ఉంచుకోవాలి."

ఆ రోజు క్లాసులో ఒకే వాక్యాన్ని బోర్డు మీద రెండుసార్లు రాశాను. పిల్లలు నవ్వారు. నా మనసు నాన్నమ్మ తిట్టిన తిట్టు దగ్గరే ఉంది.

మూడోసారి పువ్వు వచ్చినప్పుడు దాని పక్కన ఒక మొగ్గ కూడా ఉంది. బయట మంచు పడుతోంది. కొట్లో దారాలమ్మాయి చెయ్యి చాపింది.

"ఇటివ్వండి, ముడతలు..."

"వద్దు. ముడి కుట్లు అణిగిపోతాయి."

బొంత నా గుండెలకు ఆనించుకునే నిలబడ్డాను. ఆమె స్టూలు మీద కూలబడింది.

"మీ అమ్మగారు కాదు," అంది చివరికి. "ఆ పువ్వు గీసింది నేను."

అమ్మ మంచం పట్టాక ఆమె దారాలు ఇవ్వడానికి మా ఇంటికి వచ్చేదట. నేను స్కూల్లో ఉన్న వేళల్లో అమ్మ పక్కన కూర్చునేదట. 'దారాలమ్మాయి వచ్చిందిరా' అని అమ్మ సాయంత్రాలు అంటుంటే నేను ఊఁ కొట్టి ఊరుకునేవాణ్ణి.

"మీ గురించే చెప్పేవారు. కూరలో ఉప్పు లేకపోయినా అడగరట కదా. వింటూ వింటూ..." ఆమె బల్ల మీది కత్తెర పక్కకి జరిపింది. "ఒకరోజు ఆ మూలన నా పువ్వు గీయమన్నారు. నా పెన్ను గీత వేడి తగిలితే పోతుంది, గట్టి చలికి మళ్ళీ తేలుతుంది. అది తెలిసి అమ్మగారు ఎంత నవ్వారో! 'ఇస్త్రీ పెట్టి చెరిపెయ్యవే. నువ్వు నోరు విప్పకు. చలికాలంలో పువ్వు తేలగానే వాడే బొంత పట్టుకుని నీ దగ్గరికొస్తాడు,' అన్నారు."

"వచ్చానుగా. మరి ఎందుకు చెరిపారు?"

"మీరు అమ్మే గీస్తోందన్నారు. మీ మొహం చూసి, అది నా పువ్వండీ అని ఏ నోటితో చెప్పను?"

నాలో ఏదో తలుపు మూసుకుంది. ఇన్నాళ్ళూ ఆ చలిగదిలో నేను పలకరించింది ఒక పెన్ను గీతను. అమ్మ నిజంగానే లేదు. నాన్నమ్మ చేతిలో దారం ఆగిపోయింది.

"పువ్వు మీదైతే," అన్నాను, "మొగ్గ కూడా మీదేగా?"

"మొగ్గేంటి?"

బొంత బల్ల మీద పరిచాను. ఆమె వంగి చూసింది. ముఖంలో రంగు పోయింది.

"నేను గీసింది పువ్వొక్కటే మాస్టారూ. చూడండి, నా ఆకు కొన తిన్నగా ఉంది. నా పెన్ను గోధుమరంగు. ఇది..."

మొగ్గ గీత తెల్లగా, సుద్దతో గీసినట్టుంది. కుట్టే ముందు అమ్మ సుద్దతోనే గీసుకునేది. మొగ్గ కింది ఆకు కొన ఎడమవైపుకు తిరిగి ఉంది.

కొట్లో పొయ్యి మండుతూనే ఉంది. అయినా మా ఇద్దరి ఊపిరీ పొగలా కనిపించింది.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో ఇద్దరికీ తెలియదు.

"నా పువ్వు సంగతి చెప్పండి," అంది గొంతు తగ్గించి. "కుట్టేస్తే ఇక వచ్చి పోవడం ఉండదు, మీ గోడ మీదే ఉండిపోతుంది. వద్దంటే ఇస్త్రీ పెట్టేస్తాను. మళ్ళీ చలికి తేలకుండా ఉతికేస్తాను కూడా. కుట్టనా? చెరపనా?"

పెద్దవాళ్ళతోనైనా పిల్లలతోనైనా మాట తూచి మాట్లాడటం నా అలవాటు. ఆమెను ఎప్పుడూ 'మీరు' అనే పిలిచాను. 'కుట్టండి' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"కుట్టు," అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"విన్నావా నాన్నమ్మా? మాస్టారికి మర్యాద తప్పింది."

"ఇప్పటికైనా తప్పింది, నయం!" అంది నాన్నమ్మ. "ఎర్ర దారం తియ్యవే. బాబూ, నువ్వు అలా కూర్చో."

అమ్మ దిండులోని సూదినే తెచ్చిచ్చాను. దారాలమ్మాయి ఆ వారమంతా సాయంత్రాలు మా ఇంటి వెనక గదిలో, అమ్మ కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కుట్టింది. కుర్చీలో కూర్చోమంటే, "ఖాళీ లేదుగా," అంది. నేను మళ్ళీ అడగలేదు. మొగ్గ జోలికి మాత్రం ఇద్దరం పోలేదు.

ఆఖరి ముడి వేసి ఆమె దారం తెంపింది. అప్పుడు చూశాం. మొగ్గ కొంచెం విచ్చుకుంది.