పన్నెండో పలక

తెల్లారింది. ఆకాశం మాత్రం ఇంకా కళ్ళు తెరవలేదు. బూడిదరంగు మబ్బు మేడల నెత్తిన కూర్చుంది. వాన లేదు... గాలీ లేదు.

మూతబడిన ఆఫీసు బిల్డింగ్. మెట్ల మీద మూడు జతల కాళ్ళ చప్పుడు.

ముందు పరిగెడుతున్నవాడు లిఫ్ట్ మెకానిక్. యాభై ఆరేళ్ళు. కింద గేటు మూసేశారు. పైకి తప్ప దారి లేదు.

మూడో అంతస్తు... నాలుగు... ఐదు!

వెనకనుంచి ఎవరిదో చెయ్యి కాలరు పట్టింది.

ధడ్!

నుదురు గోడకు కొట్టుకుంది. వెనక్కి తిరిగి చూస్తే... బామ్మర్ది! పక్కన తలుపంత లావోడు. చేతిలో పిస్టల్.

"ఎందుకు బావా పరుగు? నేనేమన్నా పరాయివాణ్ణా?"

"గేటు మూసి తరిమేవాణ్ణి చుట్టమంటారా?"

లావోడి పిడికిలి కడుపులో దిగింది. మెకానిక్ రెండుగా మడతపడ్డాడు.

"లిఫ్ట్ తలుపు తియ్యి," అన్నాడు బామ్మర్ది. "ఆర్నెల్లుగా నీ వెనకే తిరుగుతున్నా. వెండి ఎక్కడుందో నాకు తెలుసు."



ఇరవై రెండేళ్ళ వెండి! ఎవరికీ అక్కర్లేని రోజుల్లో కొన్నాడు. సొట్టపడ్డ గ్లాసులు, నల్లబడ్డ పళ్ళేలు. జీతం రాగానే ఇంత. కరిగించి పలకలు పోశాడు. నల్ల పెయింటు వేశాడు. ముసలితనంలో ఎవరి ముందూ చెయ్యి చాపకూడదు... అదొక్కటే పట్టుదల.

దాచింది ఇక్కడే.

తాడుకు ఒక కొసన లిఫ్ట్. రెండో కొసన దాన్ని సరితూచే బరువులు. ఇనుప చట్రంలో పేర్చిన నల్ల పలకలు. ఎవరు చూసినా ఇనుమనుకుంటారు. వాటిలో పన్నెండు ఇనుము కాదు!

తలుపు తెరుచుకుంది. లిఫ్ట్ కప్పు సరిగ్గా ఐదో అంతస్తు నేల ఎత్తులో ఆగి ఉంది. దాని పక్కనే బరువుల చట్రం.

"దిగు!"

మెకానిక్ కప్పు మీదికి దిగాడు. వెనకే లావోడు. కప్పు కిర్రుమంది.

ఒక్కో పలక పది కిలోలు. మెకానిక్ లాగుతున్నాడు. లావోడు కప్పు మీద పేరుస్తున్నాడు.

ఒకటి... రెండు... ఐదు... ఆరు.

మెకానిక్ ఆగాడు.

"ఇక ఇక్కడ పెట్టొద్దు. బయటికి మోసుకుపోండి."

"ఎందుకు?"

"ఒక పలక తీస్తే అటు పది తగ్గుతుంది. ఇటు పది పెరుగుతుంది. తేడా ఇరవై! బ్రేకు అరిగిపోయింది. కిందికి జారితే పట్టుకునే క్లాంపులు తుప్పు పట్టాయి."

బామ్మర్ది పకపకా నవ్వాడు.

"లెక్కల మాస్టారు! టైము లాగుతున్నాడన్నా వీడు. ఈలోగా ఎవడో ఒకడు రావాలని."

"నిజంరా!"

"నిజమా? కంటి ఆపరేషన్‌కి ఒక్క పలక అమ్మమని అక్క నీ కాళ్ళు పట్టుకుంది. 'ఇంకో రెండేళ్ళు ఆగు, రేటు పెరుగుతుంది' అన్నావు. రేటు పెరిగింది. దాని కన్ను పోయింది! అది కూడా నిజమే కదా బావా?"

మెకానిక్ చట్రం నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

లావోడు అతని కుడిచేతిని చట్రానికి అదిమిపట్టాడు. పలక ఎత్తాడు.

ఫట్!

వేళ్ళు నలిగాయి. అరుపు ఎనిమిదంతస్తుల గోడలకూ తగిలి తిరిగొచ్చింది.

"పనికిరాకుండా చేశావు కదన్నా!" బామ్మర్ది విసుక్కున్నాడు. బావ చొక్కా పట్టి బయటికి ఈడ్చిపడేసి, తనే కప్పు మీదికి దూకాడు.

ఏడు... ఎనిమిది... తొమ్మిది.

మెకానిక్ నేల మీద పడి ఉన్నాడు. నెత్తురు సిమెంటు మీద పాకుతోంది. అతను చూస్తున్నది నెత్తురు కాదు... తాడు!

పది.

పైన మిషన్ గదిలో చిన్న మూలుగు. ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన గొంతు.

పదకొండు.

కప్పు బెత్తెడు దిగింది.

"ఒరేయ్! జారుతోంది!" మెకానిక్ అంచుదాకా పాకి ఎడమచెయ్యి చాపాడు. "చెయ్యివ్వు!"

బామ్మర్ది తల ఎత్తాడు. రెండు చేతుల్లో పన్నెండో పలక. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వదిలెయ్‌రా దాన్ని! వదిలి చెయ్యివ్వు!"

కప్పు జానెడు దిగింది... మూరెడు...

బామ్మర్ది బావ చేతిని చూశాడు. పలకను చూశాడు.

గుండెకు హత్తుకున్నాడు!

"అన్నా..."

లావోడు పిస్టల్ ఎత్తాడు. ఎవరిని కాలిస్తే లిఫ్ట్ ఆగుతుందనుకున్నాడో!

ఢాం!

బుల్లెట్ మెకానిక్ చెవిని చీల్చుకుంటూ పోయింది.

ఆ వెంటనే కప్పు మాయం! తాడు బుసకొట్టింది. బరువుల చట్రం పైకి ఎగిరి బిల్డింగ్ కప్పుకు కొట్టుకుంది. ఐదంతస్తుల కింద బాంబు పేలినట్టు మోత...

తర్వాత దుమ్ము. దుమ్ము తప్ప ఇంకేం లేదు.

పోలీసులొచ్చారు. ఫొటోలు తీశారు. శవాల మీద పడ్డ నల్ల పలకల్ని కాళ్ళతో పక్కకు నెట్టారు.

"పాత ఇనుముకి ప్రాణాలిచ్చారు," అన్నాడు పోలీసాయన. "వీళ్ళెవరో తెలుసా?"

బామ్మర్ది అంటే వెండి మాటా బయటికొస్తుంది. మెకానిక్ తల అడ్డంగా ఊపాడు.

"సరే. ఈ సామాను ఇక్కడే పడుండనీ. రేపు పొద్దున స్టేషన్‌కి రా."

మధ్యాహ్నానికి చేతికి కట్టు, చెవికి కుట్లు. ఇల్లు చేరాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన... తమ్ముడు పోయాడని ఆవిడకు ఎలా చెప్పాలి?

తలుపు తీసే ఉంది. బల్ల మీద కంచాలు పెట్టి ఉన్నాయి.

మూడు!

భార్య అతని భుజం మీదుగా వీధిలోకి చూసింది. ఉన్న ఒక్క కంటితో.

"వాడేడండీ? బావ మీద చెయ్యి వెయ్యనని నా మీద ఒట్టేశాడు. ఒక్క పలక... ఒక్కటే తీసుకుంటానన్నాడు. ఇద్దరూ కలిసి భోజనానికి వస్తారనుకున్నా..."

అప్పుడు చూసింది కట్టు. చెవి. చొక్కా మీది నెత్తురు.

ఆర్నెల్లు వెంటపడ్డాడా? అబద్ధం! చోటు చెప్పింది ఈవిడే. చచ్చేదాకా అక్క పేరు బయటపెట్టలేదు వాడు.

మెకానిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆవిడ అతని మొహంలో చదవాల్సినదంతా చదివింది. గరిటె తీసుకుంది. అతనికి వడ్డించింది. తనకు వడ్డించుకుంది. గరిటె మూడో కంచం మీద ఆగింది.

దాన్లోనూ వడ్డించింది.

ఎడమచేత్తో చెంచా పట్టుకున్నాడు అతను.

ఇద్దరూ తిన్నారు. రెండు కంచాలూ ఖాళీ అయ్యేదాకా ఎవరూ తలెత్తలేదు.